‘ఇరేజర్‌హెడ్’ పట్టుకుని వదలని పదిహేనేళ్ల అబ్బాయి: ఏం చేయాలి?

ప్రశ్న: మేము పెన్సిల్వేనియాలోని ఎక్స్‌టన్‌లో ఉంటాం. మావారి ఉద్యోగం వల్ల మొన్న ఆగస్టులో టెక్సాస్ నుంచి ఇక్కడికి మారాం. మా అబ్బాయికి పదిహేనేళ్లు, టెన్త్ గ్రేడ్. అక్టోబరు నుంచి ‘ఇరేజర్‌హెడ్’ అనే పాత నలుపు తెలుపు సినిమా పట్టుకున్నాడు. మాకు తెలిసి పదకొండుసార్లు చూశాడు. గదిలో ఆ హీరో పోస్టర్ పెట్టుకున్నాడు, జుట్టు అలాగే పైకి దువ్వుకుని స్కూలుకి వెళ్తున్నాడు. రాత్రి ఆ సినిమాలోని హోరు చెవుల్లో పెట్టుకుని పడుకుంటున్నాడు. నోటు పుస్తకం నిండా అందులోని వికారమైన పసిగుడ్డు బొమ్మలే. నేను ఇరవై నిమిషాలు చూసి కట్టేశాను, కడుపులో తిప్పింది. ఇండియా నుంచి వచ్చిన మా అమ్మ ‘పిల్లాడికి గాలి సోకింది’ అంటోంది. మావారు లాప్‌టాప్ లాక్కుంటానంటున్నారు. తొమ్మిదేళ్ల చెల్లెలు కూడా ఉంది. ఇది మానసిక జబ్బా? సినిమా మాన్పించాలా? అసలు అందులో ఏముంది?

సమాధానం: మీ మూడో ప్రశ్న నుంచే మొదలుపెడతాను. ఆ సినిమాలో ఏముందో తెలియకుండా పిల్లాడిని మందలిస్తే, ‘నువ్వసలు చూశావా?’ అని ఒక్క మాటతో వాడు తలుపు వేసుకుంటాడు.

‘ఇరేజర్‌హెడ్’ 1977లో వచ్చింది. నిడివి 89 నిమిషాలు. డేవిడ్ లించ్ తీసిన మొదటి పూర్తి నిడివి చిత్రం. కథగా చెప్పాలంటే చాలా చిన్నది. హెన్రీ స్పెన్సర్ అచ్చు యంత్రం పనివాడు, పొగగొట్టాల మధ్య ఒక ఇరుకు గదిలో ఉంటాడు. మేరీ అనే అమ్మాయి ఇంటికి భోజనానికి వెళ్తే ఆమె తల్లి అతన్ని మూలకు నిలబెట్టి, బిడ్డ పుట్టిందని, పెళ్లి చేసుకోవాలని చెబుతుంది. ఆ బిడ్డ మనిషి బిడ్డలా ఉండదు. పొట్టేలు పిల్ల మూతిలాంటి ముఖం, మెడ కింద నుంచి అంతా కట్లు. రాత్రంతా ఏడుస్తుంది. మేరీ తట్టుకోలేక పుట్టింటికి వెళ్లిపోతుంది. హెన్రీ ఒక్కడే ఆ గదిలో బిడ్డతో మిగిలిపోతాడు. రేడియేటర్ లోపల ఒక వేదిక మీద బుగ్గలు ఉబ్బిన ఒక స్త్రీ పాడుతూ అతనికి కనిపిస్తూ ఉంటుంది. ఒక కలలో హెన్రీ తల ఊడిపడుతుంది. దాన్ని ఒక కుర్రాడు పెన్సిళ్ల ఫ్యాక్టరీకి తీసుకెళ్తే పెన్సిళ్ల చివరి రబ్బరుగా మారుస్తారు. పేరు అక్కడి నుంచే. చివర్లో హెన్రీ కత్తెరతో ఆ కట్లు కోస్తాడు, కత్తెరతోనే బిడ్డను పొడుస్తాడు. సినిమా మొత్తంలో అతి కష్టమైన ఘట్టం అదే. మీరు ఇరవై నిమిషాలకే ఆపేశారు కాబట్టి అది చూసి ఉండరు. తెలిసి ఉండడం మంచిది.

దయ్యాలు లేవు, వరస హత్యలు లేవు. నగ్నత్వం, బూతులు లేవనే చెప్పాలి. భయపెట్టేది వేరే సంగతి. శరీరం తన మాట వినకపోవడం, పెద్దరికం చెప్పాపెట్టకుండా మీద పడడం, ఇంట్లో ఎవరూ సూటిగా మాట్లాడకపోవడం. పదిహేనేళ్ల కుర్రాడికి ఇవి సొంత సంగతులు. గొంతు మారుతోంది, ఒళ్లు మారుతోంది, ‘ఇక నువ్వు చిన్నపిల్లాడివి కాదు’ అని అందరూ అంటున్నారు. ఈ భయాన్ని అంత నిజాయితీగా చూపించిన సినిమా దొరికితే ఆ వయసులో దాన్ని పట్టుకు వేలాడడంలో వింత లేదు. మళ్లీ మళ్లీ చూడడం కూడా అందుకే. మొదటిసారి భయం వాడిని పట్టుకుంది, పదకొండోసారికి వాడే భయాన్ని పట్టుకున్నాడు. ఎక్కడ ఏ చప్పుడు వస్తుందో, ఎప్పుడు ఎవరు తల తిప్పుతారో ముందే తెలుసు.

మీ ఉత్తరంలో మీరు ఒక్క వాక్యంలో చెప్పి దాటేసిన సంగతి నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది. ఆగస్టులో ఊరు మారారు, అక్టోబరులో సినిమా మొదలైంది. టెన్త్ గ్రేడ్‌లో కొత్త స్కూలు అంటే స్నేహాలు అప్పటికే కుదిరిపోయిన గుంపులోకి ఒంటరిగా వెళ్లడం. లించ్ కథ కూడా ఇలాంటిదే. తండ్రి వ్యవసాయ శాఖలో పరిశోధకుడు, బదిలీల ఉద్యోగం. మోంటానాలో పుట్టి, ఐడహో, వాషింగ్టన్, నార్త్ కరోలినా, వర్జీనియా అంటూ తిరిగి పెరిగాడు. బొమ్మలు వేయడం నేర్చుకోవడానికి 1960ల మధ్యలో వచ్చింది మీకు గంట దూరంలో ఉన్న ఫిలడెల్ఫియాకే. అప్పటి ఆ ఊరి మసి, నేరాలు, రాత్రి చప్పుళ్లు అతన్ని బెదరగొట్టాయి. ఈ సినిమా అక్కడి నుంచి పుట్టిందని అతనే చెప్పాడు. మీ వాడికి ఈ సంగతి తెలిసే ఉండాలి. ఒకసారి అడిగి చూడండి: ‘ఆయనకి ఫిలడెల్ఫియా ఎందుకంత నచ్చలేదురా?’ దాని జవాబులో వాడి ఎక్స్‌టన్ గురించి కూడా మీకు ఏదైనా వినిపించవచ్చు.

ఇప్పుడు జబ్బు సంగతి. ఇష్టం జబ్బు కాదు. పోస్టర్, జుట్టు, బొమ్మలు, ఇవేవీ ప్రమాద సూచనలు కావు. బొమ్మ వేయడమైతే మంచిదే, లోపలిది కాగితం మీదికి వస్తోంది. చూడాల్సింది సినిమా చుట్టూ ఉన్న మిగతా జీవితాన్ని. తిండి తగ్గిందా? నిద్ర తగ్గిందా లేక పగలంతా పడుకుంటున్నాడా? ఇదివరకు ఇష్టపడిన ఆట, సంగీతం, టెక్సాస్ స్నేహితులతో ఫోను, అన్నీ ఒకేసారి మానేశాడా? ఒక సబ్జెక్టు కాకుండా అన్ని సబ్జెక్టుల్లోనూ మార్కులు పడిపోయాయా? ఇలాంటివి రెండు మూడు కలిసి రెండు వారాలకు మించి సాగితే పిల్లల డాక్టరుకి ఫోన్ చేయండి, సినిమా గురించి కాదు, వాడి మనసు గురించి. అమెరికాలో పన్నెండేళ్లు దాటిన పిల్లలకు కుంగుబాటు ఉందో లేదో చూసే చిన్న ప్రశ్నావళి ఏటా జరిగే పరీక్షలో మామూలే. ‘అది ఇప్పుడే చేయండి’ అని మీరు అడగవచ్చు. డాక్టరు వాడితో కాసేపు ఒంటరిగా మాట్లాడతానంటే ఒప్పుకోండి. మీ ముందు వాడు చెప్పనిది అక్కడ చెబుతాడు.

కొన్నిటికి రెండు వారాలు ఆగకూడదు. బతకాలని లేదనడం, చేతుల మీద కోతలు, చెల్లెల్ని గానీ పెంపుడు జంతువుని గానీ కావాలని బాధపెట్టడం, సినిమాలోని మనుషులు తనతో నిజంగా మాట్లాడుతున్నారని నమ్మడం. వీటిలో ఏది కనిపించినా అదే రోజు డాక్టరుతో మాట్లాడాలి. ఇలాంటి వేళల్లో సాయం చేసే అమెరికా హెల్ప్‌లైన్ 988కి ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు, మెసేజ్ పంపవచ్చు. తల్లిదండ్రులు కూడా చేయవచ్చు. ‘చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?’ అని సూటిగా అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుడుతుందన్న భయం వద్దు. అడిగితే పిల్లలకు బరువు దిగుతుంది.

మీ ఉత్తరంలో ఆ సూచనలు కనిపించలేదు. నిద్ర ఒక్కటే నాకు నచ్చలేదు. ఈ వయసుకు రాత్రికి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. ఆ హోరు చెవిలో రాత్రంతా మోగితే నిద్ర పట్టినా తేలిగ్గానే ఉంటుంది. దాన్ని నిషేధించకండి, చెవిలోంచి బయటికి తీయించండి. చిన్న స్పీకరు మంచానికి నాలుగైదు అడుగుల దూరంలో పెట్టి, శబ్దం తగ్గించి, 30 నిమిషాలకు ఆగిపోయేలా టైమర్ పెట్టుకోమనండి. ఐఫోన్ అయితే గడియారంలోనే ఆ సదుపాయం ఉంటుంది. జుట్టు విషయంలో ఒక్కటే జాగ్రత్త. అలా నిలబడాలంటే చివర్ల నుంచి కుదుళ్ల వైపు వెనక్కి దువ్వాలి. జెల్‌తో రాత్రంతా వదిలేస్తే వెంట్రుక తెగుతుంది. పడుకునే ముందు కడిగేసుకుంటే చాలు.

మీవారికి ఒక మాట. లాప్‌టాప్ లాక్కుంటే సినిమా ఆగదు, ఫోనులోకి పోతుంది, ఫ్రెండ్ ఇంటికి పోతుంది. అప్పుడు వాడు ఏం చూస్తున్నాడో మీకు తెలిసే దారి కూడా పోతుంది. దీని తర్వాత వెతుకులాటలో వచ్చేవి ఇంతకంటే చాలా దారుణంగా ఉంటాయి. కళ లేని నెత్తుటి సినిమాలు, నిజం హింస వీడియోలు కూడా ‘ఇలాంటివే మరికొన్ని’ అంటూ తోసుకొస్తాయి. వాడి అభిరుచికి హద్దు గీయాల్సింది అక్కడ. కాబట్టి ఇంట్లో నియమాలు ఇలా పెట్టుకోండి. ‘ఇరేజర్‌హెడ్’ చూస్తే హాలులో టీవీలోనే. చెల్లెలు మేలుకుని ఉండగా వద్దు. ఆ పసిగుడ్డు ఏడుపు తొమ్మిదేళ్ల పిల్లకి నెలల తరబడి కలలోకి వస్తుంది. రాత్రి తొమ్మిది తర్వాత మొదలుపెట్టకూడదు. రెండు వారాలకు ఒక్కసారే, అది కూడా ఏదో ఒక పనితో. ఒకసారి కళ్లు మూసుకుని చప్పుళ్లు మాత్రమే వినడం, మరోసారి మ్యూట్ చేసి వెలుతురు ఎటునుంచి పడుతోందో కాగితం మీద గీసుకోవడం. ఈ షరతు వాడికి శిక్షలా అనిపించదు, పెద్దవాళ్లు తన ఇష్టాన్ని లెక్కలోకి తీసుకున్నారనిపిస్తుంది.

ఒకసారి మీరూ పక్కన కూర్చోవాలి. మళ్లీ అంతా చూడక్కర్లేదు. శనివారం మధ్యాహ్నం, తిన్న వెంటనే కాకుండా, మొదటి ముప్పావు గంట చాలు. మొదటి పది నిమిషాల్లో దాదాపు మాటే ఉండదు, తొందరపడి ‘ఏం జరుగుతోంది?’ అనకండి. మేరీ ఇంట్లో భోజనం ఘట్టంలో పళ్లెంలోని బుల్లి కోడి కాళ్లు కదుపుతుంది, దాన్నుంచి ఏదో కారుతుంది. అక్కడ కళ్లు తిప్పుకోవాలనిపిస్తే తిప్పుకోండి, వాడేమీ అనుకోడు. కానీ ఆ మామగారి మాటలు వినండి. ముప్పై ఏళ్లు ఈ ఊళ్లో పైపులు వేశాను, పచ్చిక బయళ్లన్నీ నరకంగా మారడం చూశాను అంటూ వాగుతాడు. హెన్రీ గదిలో మంచం పక్కన మట్టికుప్పలో గుచ్చిన ఎండు కొమ్మ, గోడ మీద అణుబాంబు పేలుడు ఫొటో ఉంటాయి. వాటిని మీ అంతట మీరు గుర్తుపట్టి అడిగితే చాలు, వాడు గంటసేపు చెబుతాడు.

ఒక్క ప్రశ్న మాత్రం అడగకండి: ‘దీని అర్థమేంటి?’ లించ్ 2025 జనవరిలో పోయేదాకా దాని అర్థం చెప్పలేదు. తాను తీసిన వాటిలో ఇది అత్యంత ఆధ్యాత్మికమైన సినిమా అన్నాడు, అంతే. ఆ బిడ్డను ఎలా తయారుచేశాడో కూడా ఎవరికీ చెప్పలేదు. అర్థం అడిగితే మీ వాడు పరీక్షలో కూర్చున్నట్టు బిగుసుకుపోతాడు. ‘వెనక వస్తున్న ఆ చప్పుడు దేనిదిరా?’, ‘ఈ గదికి కిటికీ ఉంది కదా, ఎదురుగా ఇటుక గోడే ఎందుకు?’ లాంటివి అడగండి. కంటికి కనిపించే దాని గురించి అడిగితే పిల్లలు మాట్లాడతారు.

మీవారికి మార్కుల బెంగ ఉంటుంది కాబట్టి ఈ సినిమా ఎలా తయారైందో ఆయనే వాడి దగ్గర కూర్చుని చెప్పించుకోవాలి. లాస్ ఏంజెలస్‌లోని అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో లించ్ విద్యార్థి. స్క్రిప్టు ఇరవై చిల్లర పేజీలు, ఇన్‌స్టిట్యూట్ ఇచ్చిన డబ్బు 10,000 డాలర్లు. ఆ సంస్థ అప్పట్లో ఉన్న గ్రేస్టోన్ భవనం గుర్రపు శాలల్లో 1972 మే నెలలో షూటింగ్ మొదలైంది. డబ్బు అయిపోయేది, ఆగేది, మళ్లీ మొదలయ్యేది. లించ్ ఇళ్లకు పేపర్ వేసి సంపాదించాడు. చిన్ననాటి స్నేహితుడు జాక్ ఫిస్క్ డబ్బు సర్దాడు, సినిమాలో ఒక గ్రహం మీద మీటలు లాగే మనిషిగా నటించాడు కూడా. సినిమాకి పనిచేసిన కేథరిన్ కోల్సన్ హోటల్లో వడ్డన పని చేస్తూ ఆ డబ్బు ఇందులో పెట్టింది. ఆమె భర్త జాక్ నాన్స్ హెన్రీ వేషం కోసం ఆ జుట్టును ఏళ్ల తరబడి అలాగే ఉంచుకున్నాడు. హెన్రీ ఒక తలుపు తెరవడానికి, అదే తలుపులోంచి లోపలికి రావడానికి మధ్య ఏడాదిన్నర పట్టింది. తెర మీద చూస్తే ఒక్క క్షణం. 1977 మార్చిలో లాస్ ఏంజెలస్ ఫిల్మెక్స్ చిత్రోత్సవంలో మొదటి ప్రదర్శన. అది చూశాక బాగోలేదనిపించిన ఇరవై నిమిషాలను లించ్ తనే కోసేశాడు. తర్వాత బెన్ బారెన్‌హోల్ట్జ్ అనే పంపిణీదారుడు న్యూయార్క్‌లో అర్ధరాత్రి ఆటలు వేశాడు. మొదట పదుల్లో వచ్చిన జనం నోటిమాటతో పెరిగారు. ఈ సినిమా చూసే నిర్మాత మెల్ బ్రూక్స్ లించ్‌ను ‘ది ఎలిఫెంట్ మ్యాన్’కి దర్శకుడిగా పెట్టుకున్నాడు, దానికి 8 ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. 2004లో ‘ఇరేజర్‌హెడ్’ అమెరికా జాతీయ చలనచిత్ర భాండాగారంలో చేరింది. వికారం కోసం వికారం తీసినవాళ్లు అయిదేళ్లు ఇలా కష్టపడరు. చదువు మీద మీవారు కోరుకునే పట్టుదలకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ వాడి పోస్టర్‌లోనే ఉంది.

ఇక అసలు చేయాల్సిన పనికి వద్దాం. చూడడాన్ని చేయడంగా మార్చాలి. పదకొండుసార్లు చూసిన పిల్లాడిలో ఒక పనివాడు ఉన్నాడు, వాడి చేతికి పనిముట్లు లేవు. మొదలుపెట్టాల్సింది కెమెరాతో కాదు, శబ్దంతో. ఈ సినిమా ప్రాణం అక్కడే ఉంది. లించ్, సౌండ్ నిపుణుడు అలన్ స్ప్లెట్ కలిసి దుప్పట్లు కప్పిన గదిలో నెలల తరబడి ఆ హోరును పొరలు పొరలుగా పేర్చారు. మీ వాడు నిద్రలో వింటున్నది ఆ పొరలనే.

ఖర్చు లేకుండా మీ ఇంట్లోనే ఇది చేయవచ్చు. బేస్‌మెంట్‌లో ఫర్నేస్, ఫ్రిజ్ కంప్రెసర్, బాత్రూమ్ ఫ్యాను, బట్టలు ఆరేసే డ్రయ్యర్, నాలుగూ చాలు. ఒక్కోదాన్ని ఫోన్‌తో 60 సెకన్లు తగ్గకుండా రికార్డు చేయమనండి. ఫర్నేస్‌కు అడుగు దూరంలో, మడిచిన తువ్వాలు మీద ఫోన్ పెట్టాలి. వేడి రేకు మీద పెట్టకూడదు. ఇక్కడే చాలామందికి మొదటి దెబ్బ తగులుతుంది. రికార్డింగ్ వింటే హోరు మాయమై పలచగా ‘స్స్’మంటూ ఉంటుంది. కారణం, ఫోన్ మనిషి గొంతు కోసం తయారైంది, ఆగని మోతను అనవసరమని తీసేస్తుంది. రికార్డర్‌లో ‘ఎన్‌హాన్స్’, నాయిస్ తగ్గించే ఎంపికలన్నీ ఆపాలి. ఐఫోన్ అయితే వాయిస్ మెమోస్ సెట్టింగుల్లో ఆడియో నాణ్యతను ‘లాస్‌లెస్’కి మార్చాలి. మీ అమ్మగారు ఇండియా నుంచి తెచ్చిన స్టీలు బిందె ఉంటే ఇంకా మంచిది. ఫోన్‌ను బిందె మూతి లోపల ఉంచి డ్రయ్యర్ పక్కన రికార్డు చేస్తే, బిందెలోని గాలి తన శ్రుతిలో ప్రతిధ్వనిస్తుంది. ఎక్కడో భూగర్భంలో మోగినట్టుంటుంది.

తర్వాత ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. ప్రతి ముక్కనూ సగం వేగానికి తగ్గిస్తే నిడివి రెట్టింపు అవుతుంది, శ్రుతి ఒక స్థాయి కిందికి దిగుతుంది. ఫ్రిజ్ ఓడలా మోగుతుంది. మూడు పొరలు ఒకదాని మీద ఒకటి వేసి, ఒకటి గట్టిగా, మిగతా రెండూ దానికంటే 6, 12 డెసిబెల్స్ తక్కువగా పెట్టాలి. అడుగు పొరకు 400 హెర్ట్జ్ పైన ఉన్నదంతా కోసేసే లో-పాస్ ఫిల్టర్ వేస్తే గది వెనక గది ఉన్నట్టు లోతు వస్తుంది. మొత్తం కలిపాక మీటరు మైనస్ 6 దాటకూడదు. దాటి సున్నాకి తగిలితే అలల నెత్తులు తెగి శబ్దం చిరుగుతుంది, తర్వాత బాగుచేయలేం. లాప్‌టాప్ స్పీకర్లలో వింటూ కలిపితే కూడా తప్పుతుంది. అవి అడుగు స్వరాలు పలకలేవు కాబట్టి పిల్లాడు పెంచుకుంటూ పోతాడు, హెడ్‌ఫోన్స్‌లో వింటే బుర్ర అదురుతుంది. హెడ్‌ఫోన్స్‌తోనే కలపాలి, శబ్దం తక్కువ పెట్టుకుని.

రెండు నిమిషాల హోరు తయారైతే దానికి బొమ్మ కావాలని వాడే అడుగుతాడు. లించ్ మొదటి కదిలే బొమ్మ 1967లో పెన్సిల్వేనియా అకాడమీ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్‌లో చేసింది. ఆరు తలలు, వాంతి, వెనక సైరన్, నిమిషం నిడివి, అదే మళ్లీ మళ్లీ. ఖర్చు 200 డాలర్లు. మీ వాడికి కూడా అలాంటి చిన్న లక్ష్యమే పెట్టండి, పది సెకన్లు చాలు. మట్టి బొమ్మతో సెకనుకు 12 ఫొటోల లెక్కన 120 ఫొటోలు. ఒక్కో ఫొటోకి బొమ్మను బియ్యపు గింజ మందం కదపాలి, అంతకంటే కదిపితే గెంతినట్టు ఉంటుంది. ఫోన్‌ను స్టాండుకి బిగించి, తెర మీద వేలు నొక్కిపట్టి ఫోకస్, ఎక్స్‌పోజర్ (ఫొటోలోకి వచ్చే వెలుతురు) రెండూ లాక్ చేయాలి. కిటికీ కర్టెన్ వేసేయాలి, మబ్బు కదిలితే వీడియో మిణుకుమిణుకుమంటుంది. తీసేవాడు తెల్ల చొక్కా వేసుకున్నా అదే ఇబ్బంది, వెలుతురు చొక్కా నుంచి బొమ్మ మీద పడుతుంది. పసిగుడ్డు తయారుచేస్తానని పచ్చి మాంసమో చచ్చిన జంతువో తేబోతే ఒప్పుకోకండి, కుళ్లుతుంది, రోగాలు. ద్రవ రబ్బరు వాడతానంటే అమ్మోనియా ఘాటు ఉంటుంది, గ్యారేజీ తలుపు తెరిచి చేయాలి. జెలటిన్, మట్టి ఈ పనికి సరిపోతాయి.

మనిషిని తీయాలంటే చీకటి దగ్గర ఇబ్బంది పడతాడు. మన ఇళ్ల గోడలు తెల్లవి, ఒక్క దీపం వెలిగించినా వెలుతురు గోడల మీద పడి గదంతా బూడిద రంగవుతుంది. మనిషి వెనక ఆరడుగుల దూరంలో నల్ల దుప్పటి వేలాడదీసి, 60 వాట్ల స్థాయి ఎల్‌ఈడీ బల్బు ఒక్కటి పక్క నుంచి, ముఖానికి కాస్త పైనుంచి పెట్టాలి. ఫోన్ చీకటి చూడగానే దాన్ని వెలుగు చేయాలని చూస్తుంది, అప్పుడు నలుపులో చీమలు పాకినట్టు చుక్కలు వస్తాయి. ముఖం మీద ఎక్స్‌పోజర్ లాక్ చేసి, వేలితో కిందికి లాగితే నలుపు నలుపుగా నిలుస్తుంది. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా అనే ఉచిత యాప్‌లో షట్టర్ సెకనులో 60వ వంతు, ఐఎస్‌ఓ (వెలుతురును ఫోన్ ఎంత పెంచి చూపాలన్న అంకె) వీలైనంత తక్కువ. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి ఆ షట్టర్‌తో బల్బు వెలుతురు వల్ల వీడియోలో పట్టీలు పడవు. రంగులోనే తీసి తర్వాత నలుపు తెలుపు చేయాలి. రంగు ఉంటే చర్మం తెలుపెంతో గోడ నలుపెంతో విడివిడిగా సర్దుకోవచ్చు.

డబ్బు పెట్టి ఏమైనా కొనాలనుకుంటే 2014లో క్రైటీరియన్ అనే సంస్థ వేసిన ఈ సినిమా డిస్క్ కొనండి. ఊరి లైబ్రరీలో లేకపోతే మరో లైబ్రరీ నుంచి తెప్పించమనండి. అందులో లించ్ తొలి లఘుచిత్రాలు, 2001లో తానే కూర్చుని ఈ సినిమా తయారీ గురించి చెప్పిన డాక్యుమెంటరీ ఉన్నాయి. సినిమా పన్నెండోసారి చూడడం కంటే ఆ డాక్యుమెంటరీ ఒకసారి చూడడం మేలు. తర్వాత ‘ది ఎలిఫెంట్ మ్యాన్’ ఇంట్లో అందరూ కూర్చుని చూడవచ్చు, చెల్లెలు తప్ప. ‘బ్లూ వెల్వెట్’, ‘ట్విన్ పీక్స్: ఫైర్ వాక్ విత్ మీ’ మాత్రం ఇప్పుడే వద్దని గట్టిగా చెప్పండి. వాటిలో లైంగిక హింస ఉంది, ఈ వయసుకు అది వేరే బరువు. కారణం చెప్పి ఆపితే వింటాడు.

ఒక ఆదివారం మీవారు వాడిని ఎక్స్‌టన్ స్టేషన్ నుంచి రైల్లో ఫిలడెల్ఫియా సబర్బన్ స్టేషన్‌కి తీసుకెళ్లాలి. దిగి నాలుగడుగులు నడిస్తే బ్రాడ్, చెర్రీ వీధుల మూల లించ్ చదివిన అకాడమీ, 1876 నాటి భవనం. అక్కడి నుంచి ఉత్తరంగా పది నిమిషాల్లో థర్టీన్త్, వుడ్ వీధుల దగ్గరికి వస్తారు. లించ్ అక్కడే ఉండేవాడు, ఎదురుగా శవాగారం ఉండేది. ఆ పేటకు ఊళ్లోవాళ్లు ఇప్పుడు ‘ఇరేజర్‌హుడ్’ అని పేరు పెట్టుకున్నారు. నోబుల్ వీధి దగ్గర రైల్ పార్క్ ఎక్కండి, పాత రైలు వంతెనను 2018లో తోటగా మార్చారు, పావు మైలు ఉంటుంది. చుట్టూ మిగిలిన ఇటుక ఫ్యాక్టరీలు కనిపిస్తాయి. మీ వాడు ఫోన్‌తో అక్కడి చప్పుళ్లు రికార్డు చేసుకోవచ్చు. స్కూల్లో ఫిల్మ్ క్లబ్ గానీ, ఆడియో విజువల్ బృందం గానీ ఉందేమో ఆ వారమే కౌన్సిలర్‌ని అడగండి. రెండు నిమిషాల హోరు, పది సెకన్ల బొమ్మ చేతిలో ఉంటే కొత్తవాడిగా కాదు, పని తెలిసినవాడిగా ఆ గదిలోకి వెళ్తాడు.

మీ అమ్మగారిని కసురుకోకండి. ఆవిడ భయం మనవడి మీద ప్రేమే. పోస్టర్ ఆవిడ కంట పడకుండా గది తలుపు లోపలి వైపుకు మార్చమనండి, అలా అడిగితే వాడు ఒప్పుకుంటాడు. ఈ సినిమా తీస్తుండగానే, 1973లో, లించ్ మహర్షి మహేశ్ యోగి చెప్పిన ధ్యానం మొదలుపెట్టి చివరిదాకా రోజూ రెండు పూటలా చేశాడని ఆవిడకు చెప్పండి. తర్వాత ఒక సాయంత్రం అమ్మమ్మతో, చెల్లెలితో కలిసి ఇంట్లో అందరూ లించ్ 1999లో తీసిన ‘ది స్ట్రెయిట్ స్టోరీ’ చూడండి. డిస్నీ విడుదల చేసింది, 112 నిమిషాలు, చిన్నపిల్లలు కూడా చూడవచ్చు. మాట పోయిన అన్నదమ్ముల కథ. జబ్బున పడ్డ అన్నని చూడడానికి ఒక ముసలాయన గడ్డి కోసే బండి నడుపుకుంటూ అయోవా నుంచి విస్కాన్సిన్ దాకా వెళ్తాడు. జరిగిన కథే. ఇంగ్లీషు మాటలు తక్కువ, నెమ్మదిగా పలుకుతారు. అమ్మమ్మకి తెలుగులో చెప్పే పని వాడికే ఇవ్వండి.